ముగ్గురాయికీ గురువుకూ చుట్టరికం

ప్రశ్న: మంగంపేట గనుల వైపు అందరూ ముగ్గురాయి అనే ఖనిజాన్ని కాగితాల మీద బెరైటీస్ అని రాస్తారు. ఈమధ్య మా నాన్నగారికి కడుపు ఎక్స్‌రే తీసే ముందు బేరియం తాగించారు. ఈ రెండు మాటలకూ సంబంధం ఉందా? అవి ఎక్కడివి?
– ఒక పాఠకురాలు, కడప

జవాబు: సంబంధం ఉంది. రెండింటికీ మూలం ‘బరువైన’ అనే అర్థంగల ‘బారుస్’ అన్న గ్రీకు మాట. ఉమ్మడి కడప జిల్లా ఓబులవారిపల్లె మండలంలోని మంగంపేటలో దొరికే ఈ రాయి నీటికి నాలుగున్నర రెట్లు తూగుతుంది. మామూలు పలుగురాయి రెండున్నర రెట్లకు కాస్త పైన ఆగిపోతుంది. చమురు బావులు తవ్వేటప్పుడు లోపలి ఒత్తిడిని అణచడానికి పోసే బురదలో దీని పొడిని కలిపేది కూడా ఆ బరువు కోసమే. మన ముగ్గురాయి అన్న పేరు పిండిని గుర్తు చేస్తే, బెరైటీస్ అన్న పేరు తూకాన్ని చెబుతుంది.

బారుస్ అనగానే మన ‘భారం’ గుర్తుకు రావడం సహజమే కాని, ఆ పోలికను నమ్మకూడదు. భారం ‘మోయు’ అనే అర్థంగల ‘భృ’ ధాతువు నుంచి వచ్చింది. దానికి గ్రీకులో చుట్టం ‘ఫేరో’. బారుస్‌కు అసలు తోబుట్టువు, వినడానికి ఏమాత్రం పోలిక లేని సంస్కృతపు ‘గురు’ శబ్దం. ఈ రెండు భాషలకూ పూర్వరూపమైన భాషలో ‘గ్వ’ వంటి ధ్వని ఒకటి ఉండేదనీ, అది సంస్కృతంలో గకారంగా, గ్రీకులో బకారంగా మారిందనీ భాషాశాస్త్రం చెబుతుంది. ఆవుకు సంస్కృతంలో ‘గో’ అనీ, గ్రీకులో ‘బౌస్’ అనీ పేర్లుండటం ఇందుకు మంచి సాక్ష్యం. లాటిన్‌లో ఇదే మాట ‘గ్రావిస్’ అయింది, గ్రావిటీ దాని సంతానమే. కాబట్టి పద్యపాదంలో మనం గుర్తించే గురువూ, గురుత్వాకర్షణలోని గురుత్వమూ, బారోమీటరూ, బేరియమూ ఒకే ఇంటివి.

అయితే పేరు రాయికి కుదిరినంతగా అందులోని బేరియం లోహానికి కుదరలేదు. 1774లో స్వీడన్ రసాయనవేత్త షీలే ఈ ఖనిజంలో కొత్త పదార్థం ఉన్నదని గుర్తించగా, 1808లో ఇంగ్లండ్ రసాయనవేత్త హంఫ్రీ డేవీ విద్యుత్తుతో లోహాన్ని వేరుచేసి, ఖనిజం పేరునే దానికి తగిలించాడు. తీరా చూస్తే ఆ లోహం తన రాయికన్న తేలిక. అదే పరిమాణంలోని ఇనుములో సగమైనా తూగదు.

మీ నాన్నగారు తాగినది ఆ లోహం కాదు, శుద్ధిచేసిన బేరియం సల్ఫేట్. అంటే రసాయనపరంగా ముగ్గురాయే. దానిలోని బేరియం పరమాణువులు ఎక్స్‌కిరణాలను అడ్డుకోవడం వల్ల జీర్ణకోశం ఆకారం చిత్రంలో తెల్లగా కనిపిస్తుంది. నీటిలో కరిగే బేరియం లవణాలు విషమే అయినా, ఇది నీటిలోనూ జఠరరసంలోనూ కరగదు కనుక వచ్చినది వచ్చినట్టే బయటికి పోతుంది.