ట్యాంకు అంటే చెరువా, తొట్టా, యుద్ధంలో వాడే బండా?

"మిద్దె మీది నీళ్ల ట్యాంకు, యుద్ధ ట్యాంకు, షేర్లు ట్యాంక్ అయ్యాయి (పడిపోయాయి) అనడం... ఇవన్నీ ఒకే మాటా?" అని ఒకరు అడిగారు. ఒకే మాట. అన్నిటికీ మూలం నీళ్లే.

మాది నల్లగొండ పక్క పల్లె. చెరువుల మరమ్మతులు చేసే కాంట్రాక్టరు దగ్గర కొన్నేళ్లు లెక్కలు రాశాను. ఎస్టిమేట్లలో చెరువు అనే మాటే కనిపించదు, అంతా ట్యాంకే. కట్టను 'ట్యాంక్ బండ్' అని, నీళ్లు నిండే హద్దును 'ఫుల్ ట్యాంక్ లెవెల్' అని రాస్తారు. ఇప్పుడు ప్లాట్లు కొనేవాళ్లను టెన్షన్ పెడుతున్న ఎఫ్‌టీఎల్ ఇదే. ఓసారి శిఖం భూమి, అంటే చెరువు లోపలి భూమి, కొలుస్తుంటే ఒక రైతు "ఫుల్ ట్యాంకంటే బండిల పెట్రోలు గాదా సారూ?" అని నవ్విండు. ఊళ్లో తూము, మత్తడి (అలుగు), చెరువు అనే అంటారు. ట్యాంకంటే వాళ్లకు మిషన్ భగీరథ నీళ్లు ఎక్కించేదే.

నిజానికి చెరువు అనే అర్థమే పాతది. గుజరాతీ, మరాఠీల్లో నీళ్లు నిలవచేసే తొట్టిని టాంకు, టాంకె అంటారు. 17వ శతాబ్దంలో ఇక్కడికి వచ్చిన ఇంగ్లిష్ వాళ్లు ఆ మాటను పట్టుకుని చెరువులకు వాడారు. కొలనుకు పోర్చుగీసులో ఉన్న 'తాంకె' కూడా తోడైంది. ఏది అసలు, ఏది కొసరు అన్నది నిఘంటువుల పంచాయితీ. ఆ లెక్కన నల్లగొండ దగ్గరి పెద్ద చెరువు, పానగల్లు ఉదయ సముద్రాన్ని ట్యాంకు అనడం తప్పేం కాదు, అన్ని నీళ్లు చూశాక నోరు రాదు గానీ.

యుద్ధ ట్యాంకు కథ మాత్రం భలే ఉంటుంది. మొదటి ప్రపంచ యుద్ధం నడుస్తున్న 1915లో బ్రిటన్ గుట్టుగా ఇనుప బండ్లు తయారు చేయిస్తోంది. మొదట వాటిని 'ల్యాండ్‌షిప్' (నేల మీది ఓడ) అనేవారు. ఆ పేరు వింటే ఎవరికైనా అనుమానం వస్తుంది కదా! అందుకే చూసినవాళ్లు నీళ్ల తొట్లు అనుకోవాలని, ఆ ఏడాది డిసెంబరులో 'ట్యాంకు' అనే మారుపేరు ఖాయం చేశారు. 1916 సెప్టెంబరు 15న ఫ్రాన్స్‌లో, సోమ్ పోరులో అవి మొదటిసారి దిగాయి. దాంతో గుట్టు రట్టయింది, పేరు మాత్రం అట్లనే ఉండిపోయింది.

ఇక షేర్లు. అమెరికాలో ఈతకొలనును కూడా ట్యాంకు అనేవారు. బాక్సింగ్‌లో ఎవరైనా కావాలని ఓడిపోతే ట్యాంకులోకి పోయాడని ఎగతాళి చేసేవారు. అది టెన్నిస్‌కు పాకి, తర్వాత దేని పతనానికైనా వాడుకైంది. పిల్లలు వేసుకునే చేతుల్లేని ట్యాంక్ టాప్‌కు కూడా ఆ ఈతకొలను బట్టల నుంచే పేరొచ్చింది.