బోరు కింద వరి: మడి ఆరితే గింజ తాలు పోతుందా?

ప్రశ్న: మాది నల్లగొండ జిల్లా. బోరు కింద 3 ఎకరాల్లో యాసంగి వరి నాటి 12 రోజులైంది. మార్చి వచ్చేసరికి బోరు ఆగి ఆగి పోస్తది. మడిని మధ్యలో ఆరబెడితే నీళ్లు మిగులుతాయని, భూమి వేడెక్కడం కూడా తగ్గుతుందని చెబుతున్నారు. మా నాన్నేమో నీళ్లు నిలవకుంటే గింజ తాలు పోతుందంటున్నాడు. ఏం చేయమంటారు సార్?

జవాబు: పూత సమయానికైతే మీ నాన్నగారి మాట అక్షరాలా నిజం. పూతకు వారం ముందు నుంచి వారం తర్వాత దాకా మడిలో 5 సెం.మీ. నీరు ఉండాల్సిందే. మిగతా రోజుల్లో వేరుకు తడి అందితే చాలు.

ఆ తడి ఉందో లేదో మడి పైన చూస్తే తెలియదు. అడుగు పొడవు, 4–6 అంగుళాల వెడల్పున్న పీవీసీ పైపు ముక్క తీసుకుని, కింది 20 సెం.మీ. మేర చుట్టూ రంధ్రాలు వేయండి. అంతవరకు మడిలో దింపి, లోపలి మట్టి తీసేయండి. ఎత్తుపల్లాల్లో కాకుండా, గట్టు మీది నుంచి వంగి చూడగలిగే చోట పెట్టండి. పైపులో నీళ్లు నేల మట్టానికి 15 సెం.మీ. కిందికి దిగినప్పుడే మళ్లీ 5 సెం.మీ. పెట్టాలి. పైన సన్న నెర్రెలు కనబడగానే టెన్షన్ పడి మోటారు వేయకండి. నాటిన రెండు వారాల దాకా మాత్రం పలుచగా నీరు ఉంచండి, లేదంటే కలుపుతో వేగలేరు. మీకు ఇంకో రెండు మూడు రోజుల్లో మొదలుపెట్టొచ్చు.

ఇక వేడి సంగతి. నిల్వ నీటి మడిలో కాలు వేస్తే బుడగలు లేస్తాయి కదా, అందులో మీథేన్ ఉంటుంది. గాలి అందని బురదలో సూక్ష్మజీవులు తయారుచేసే, భూమిని వేడెక్కించే వాయువది. ఎక్కువ భాగం వరి మొక్క గుండానే పైకి పోతుంది. మడి నాలుగైదుసార్లు ఆరితే ఇది దాదాపు సగానికి తగ్గుతుంది. అయితే యూరియా అవసరానికి మించి చల్లితే నైట్రస్ ఆక్సైడ్ అనే, భూమిని వేడెక్కించే మరో వాయువు పెరిగి ఆ లాభం కొంత పోతుంది. బురద పదునులో చల్లి, 36–48 గంటల తర్వాత పలుచగా నీరు పెట్టండి.

చౌడు మడి ఉంటే అందులో ఈ పద్ధతి వద్దు, ఆరితే ఉప్పు పైకి తేలుతుంది. మోటారుకు ఆటో స్టార్టర్ ఉంటే ముందు అది తీసేయండి. కరెంటు వచ్చినప్పుడల్లా దానంతటదే మోటారు పోస్తుంటే పైపు పెట్టి లాభం లేదు.