మురుగునీళ్లలో బర్డ్ ఫ్లూ వెతికే ఉద్యోగం మా అమ్మాయికి సరిపోతుందా?

ప్రశ్న: మా అమ్మాయి బీఎస్సీ మైక్రోబయాలజీ ఫైనలియర్. మురుగునీళ్లు పరీక్షించి బర్డ్ ఫ్లూని ముందే పసిగడతారని ఎక్కడో చదివింది. అప్పట్నుంచి అదే చదువుతా, అదే చేస్తా అంటోంది. వాళ్ల నాన్నేమో డేటా కోర్సు చేసి సాఫ్ట్‌వేర్‌లోకి వెళ్లమంటున్నారు. నాకు రెండు టెన్షన్లు. ఆ మురికిలో పని చేస్తే రోగాలు రావా? అసలు ఇందులో ఉద్యోగాలున్నాయా? – ఒక తల్లి, రామంతాపూర్

జవాబు: అమ్మా, ముందు ఉద్యోగాల సంగతి చూద్దాం. రోగాల భయానికి జవాబు తేలిక, దీనికి అంత తేలిక కాదు.

బర్డ్ ఫ్లూ కోసం మురుగునీళ్లు పరీక్షించే పోస్టు అని నోటిఫికేషన్ పడదు. ఆ పని చేసేవాళ్లు ప్రాజెక్ట్ అసోసియేట్, జేఆర్ఎఫ్ (జూనియర్ రీసెర్చ్ ఫెలో), ల్యాబ్ టెక్నీషియన్ లాంటి పేర్లతో ఉంటారు. చాలావరకు ప్రాజెక్టు ఉద్యోగాలే. కొంతకాలానికి ఇచ్చి పొడిగిస్తూ పోతారు, నిధులు అయిపోతే పనీ అయిపోతుంది. దేశంలో వైద్య పరిశోధనలు చూసే ఐసీఎంఆర్ 2025లో మురుగునీటి నిఘాను 5 నగరాల నుంచి 50 నగరాలకు, 10 వైరస్‌లకు పెంచుతామని ప్రకటించింది. బర్డ్ ఫ్లూ ప్రబలే ప్రాంతాల్లో నీటి వనరులను కూడా పరీక్షిస్తామంది. మంచిదే. కానీ ప్రకటన వేరు, చేతికొచ్చే అపాయింట్‌మెంట్ లెటర్ వేరు. అందుకని మీ అమ్మాయిని ఒక్క జబ్బు పేరు పట్టుకుని కూర్చోవద్దనండి. నీళ్లలోంచి వైరస్ జాడ పట్టుకునే పని నేర్చుకుంటే ఇవాళ హెచ్5ఎన్1 (బర్డ్ ఫ్లూ వైరస్) అయినా, రేపు ఇంకోటయినా ఆ చేతికి పని దొరుకుతుంది.

ఈ పని మన ఊరికి కొత్తేం కాదు. 2016లో హైదరాబాద్ మురుగునీటి నమూనాలో టీకా నుంచి పుట్టిన టైప్-2 పోలియో వైరస్ కనబడింది. ఏ బిడ్డకూ పోలియో రాకముందే హైదరాబాద్, రంగారెడ్డి జిల్లాల్లో సుమారు 3 లక్షల మంది పిల్లలకు ఇంజెక్షన్ టీకా వేశారు. 2020 ఆగస్టులో ఇక్కడి కేంద్ర పరిశోధన సంస్థలు సీసీఎంబీ, ఐఐసీటీ శాస్త్రవేత్తలు మురుగునీటి శుద్ధి కేంద్రాల నుంచి నమూనాలు తెచ్చి పరీక్షించి, నగరంలో దాదాపు 6.6 లక్షల మందికి కరోనా సోకి ఉండొచ్చని లెక్కగట్టారు. అప్పటికి టెస్టుల్లో బయటపడ్డ కేసులు అందులో చిన్న వంతు. ఆ రెండు సంస్థలూ మీకు దగ్గర్లోనే, హబ్సిగూడ, తార్నాకల్లో ఉన్నాయి. రోజూ బస్సులో వాటి ముందు నుంచే వెళ్తుంటారు, లోపల ఏం జరుగుతుందో మన పిల్లలకు ఎవరూ చెప్పరు.

బర్డ్ ఫ్లూ దగ్గరికొచ్చేసరికి మాత్రం వ్యవహారం చిక్కుగా ఉంటుంది. 2024లో అమెరికాలోని టెక్సాస్‌లో, మనుషులకు ఫ్లూ సీజన్ ముగుస్తున్న వేళ, కొన్ని చోట్ల మురుగునీటిలో ఇన్‌ఫ్లుయెంజా-ఏ జాడ పెరిగింది. ఇన్‌ఫ్లుయెంజా-ఏ అంటే ఫ్లూ వైరస్‌ల పెద్ద గుంపు, బర్డ్ ఫ్లూది అందులోని హెచ్5 రకం. ఆ హెచ్5 కోసం చూస్తే దొరికింది. ఆ మార్చిలోనే అక్కడి పాడి ఆవుల్లో హెచ్5ఎన్1 బయటపడింది. ఆ శుద్ధి కేంద్రాల్లో కొన్నిటికి పాల పరిశ్రమ వ్యర్థాలు కూడా చేరుతుంటాయి. మరి నీళ్లలో దొరికిన వైరస్ మనుషులదా, పక్షులదా, పారబోసిన పాలదా? వైరస్ ఉందని టెస్టు చెబుతుంది, ఎవరిదో చెప్పదు.

అదే పరీక్ష మన అంబర్‌పేట శుద్ధి కేంద్రంలో చేశారనుకోండి. రోజుకు 339 మిలియన్ లీటర్ల సామర్థ్యం ఉన్న కేంద్రం అది. ఇళ్ల నుంచి వచ్చే నీళ్లతో పాటు గల్లీల్లోని చికెన్ షాపులు కడిగి వదిలే నీళ్లూ డ్రైనేజీలోకే పోతాయి. జబ్బు చేసిన కోళ్ల రెట్టలో ఈ వైరస్ దండిగా ఉంటుంది. హెచ్5 పాజిటివ్ అని ఒక్క ముక్క బయటికొస్తే చాలు, మర్నాడు చికెన్ కొనే నాథుడుండడు. 2025 ఫిబ్రవరిలో గోదావరి జిల్లాల్లో కోళ్లు చచ్చిపోయినప్పుడు ఇక్కడి షాపులు ఎలా వెలవెలబోయాయో మీకు గుర్తుండే ఉంటుంది. అలాగని దాచిపెట్టి కూర్చోవడమూ కుదరదు. ఆ ఏడాదే ఆంధ్రలో ఒక చిన్నారి ఈ వైరస్‌తోనే చనిపోయింది. కాబట్టి ఆ పాజిటివ్ ఎటువైపు లైన్ నుంచి వచ్చిందో వెనక్కి వెతుక్కుంటూ వెళ్లాలి, ఆ చుట్టుపక్కల కోళ్లు ఏమైనా చచ్చాయా అని పశువైద్యుల్ని అడగాలి, కోళ్ల నమూనాలు నిర్ధారణ కోసం భోపాల్‌లోని జాతీయ ల్యాబ్‌కు పంపాలి, ఆసుపత్రుల్లో జ్వరాల తీరు చూడాలి. నన్నడిగితే ఈ ఉద్యోగంలో అసలు సరుకు ఇదే. వైరస్ జాడ పట్టే పీసీఆర్ మెషీన్ నడపడం ఆరు నెలల్లో ఎవరికైనా వస్తుంది. మెషీన్ చూపించిన గీతను ఎంతవరకు నమ్మాలో తేల్చుకోవడానికే ఏళ్లు పడుతుంది.

ఇందులో ఒక సరదా సంగతి కూడా ఉంది, మీ అమ్మాయిని అడిగి చూడండి, తెలుసేమో. వానొస్తే మురుగునీళ్లు పలచబడి వైరస్ తగ్గినట్టు కనిపిస్తుంది. నిజంగా తగ్గిందో, వాన వల్ల అలా కనిపిస్తోందో తెలియాలంటే మిరప మొక్కలకు తెగులు తెచ్చే ఓ వైరస్‌ను కూడా దాంతో పాటే కొలుస్తారు. తిన్న కారంతో పాటు కడుపులోకి పోయి, మనిషినేమీ చేయకుండా అలాగే బయటికొస్తుంది. అది ఎంత ఉందన్నదాన్ని బట్టి నీళ్లలో మనుషుల వ్యర్థం ఎంతుందో అంచనా కడతారు. మిర్చి బజ్జీలకు పేరుపడ్డ ఊళ్లో దానికేం కొదవ!

ఇక రోగాల భయం. మ్యాన్‌హోల్‌లోకి ఎవరూ దిగరమ్మా. శుద్ధి కేంద్రంలోకి నీళ్లు వచ్చే చోట, చెత్తను ఆపే జాలీ దాటాక, పొడవాటి కర్రకు తగిలించిన పాత్రతో ముంచి సీసాలో పోసుకుంటారు. కొన్నిచోట్ల ఒక యంత్రం 24 గంటల పాటు కొంచెం కొంచెంగా పట్టి పెడుతుంది. సీసా మీద చోటు, తేదీ, టైము రాసి ఐస్ పెట్టెలో పెట్టాలి. మే నెల ఎండలో ట్రాఫిక్‌లో ఇరుక్కుని ఐస్ కరిగిపోతే ఆ రోజు పనంతా దండగే. ల్యాబ్‌లో చాలామంది నమూనాను ముందు వేడి చేసి వైరస్‌ను చంపాకే మిగతా పని మొదలుపెడతారు. బతికున్న హెచ్5ఎన్1తో చేసే పని బీఎస్ఎల్-3 అనే గట్టి భద్రత ఉన్న ల్యాబుల్లోనే జరుగుతుంది, కొత్తవాళ్లను దాని దరిదాపులకు రానివ్వరు. మురుగునీళ్లతో అసలు భయం టైఫాయిడ్, హెపటైటిస్-ఏ, విరేచనాలు. టీకాలు వేయించుకుని, గ్లోవ్స్, మాస్కు, కళ్లద్దాలు పెట్టుకుని, చేతులు కడుక్కున్నాకే టీ తాగే అలవాటుంటే చాలు. ఆసుపత్రి ల్యాబుల్లో పనిచేసే పిల్లలు పడే జాగ్రత్తే ఇక్కడా.

దారి విషయానికొస్తే, బీఎస్సీతో ఆగితే నమూనాలు మోసే దగ్గరే ఆగిపోతుంది. ఎమ్మెస్సీ తప్పదు. ఉస్మానియా, కాకతీయలకు సీపీగెట్ అనే రాష్ట్ర ప్రవేశ పరీక్ష రాయాలి, గచ్చిబౌలి సెంట్రల్ యూనివర్సిటీకి సీయూఈటీ పీజీ అనే జాతీయ పరీక్ష. బయోటెక్నాలజీకి గాట్-బి అనే ప్రవేశ పరీక్ష కూడా ఉంది. సీటు కంటే ముఖ్యం ఎమ్మెస్సీ చివర్లో చేసే ప్రాజెక్టు. పీసీఆర్ మీద సొంతంగా చెయ్యి పెట్టనిచ్చే గైడ్ ఎవరో సీనియర్లను అడిగి తెలుసుకోమనండి. మూడు సైన్స్ అకాడమీలు కలిసి ఇచ్చే సమ్మర్ ఫెలోషిప్‌కు దరఖాస్తు చేస్తే పెద్ద ల్యాబ్‌లో ఓ వేసవి గడపొచ్చు. మూడు రోజుల్లో పీసీఆర్ నేర్పి సర్టిఫికెట్ చేతిలో పెడతామని వేలకు వేలు గుంజే సెంటర్ల జోలికి మాత్రం వెళ్లొద్దు. ఇంటర్వ్యూలో ఆ కాగితాన్ని ఎవరూ తిప్పి కూడా చూడరు.

తర్వాత నెట్ (జాతీయ అర్హత పరీక్ష) రాసి జేఆర్ఎఫ్ తెచ్చుకుంటే మొదటి రెండేళ్లు నెలకు ₹37,000, ఆ తర్వాత ₹42,000, పైన ఇంటద్దె భత్యం. సాఫ్ట్‌వేర్‌లో కుదురుకున్న పిల్లల జీతం ముందు ఇది చిన్నదే, దాచేదేముంది. రెండు ప్రయత్నాల్లో జేఆర్ఎఫ్ రాకపోతే మూడోదానికి ఇంట్లో కూర్చోబెట్టకండి. జీడిమెట్ల, జీనోమ్ వ్యాలీల్లోని ఫార్మా, వ్యాక్సిన్ కంపెనీల క్వాలిటీ కంట్రోల్ ల్యాబుల్లోనూ, నీటి పరీక్షల ప్రైవేటు ల్యాబుల్లోనూ ఇదే చదువుకు పనుంటుంది. ల్యాబ్ కంటే మ్యాపులు, కేసుల లెక్కలు నచ్చే పిల్ల అయితే పబ్లిక్ హెల్త్‌లో పీజీ వైపు తిప్పండి. హైదరాబాద్‌లోనే ఐఐపీహెచ్ అనే ప్రజారోగ్య విద్యాసంస్థ ఉంది.

వాళ్ల నాన్నగారి మాటనూ కొట్టిపారేయకండి. వారం వారం వచ్చే వందల నమూనాల లెక్కలు ఎక్సెల్‌లో తేలవు. డేటా లెక్కలకు వాడే ఆర్ గానీ పైథాన్ గానీ అనే ప్రోగ్రామింగ్ భాష వచ్చిన మైక్రోబయాలజీ పిల్లకు ఇంటర్వ్యూలో విలువ వేరు. దానికి అమీర్‌పేట కోచింగ్ సెంటర్లకు వెళ్లి లక్ష రూపాయలు పోయక్కర్లేదు, ఇంట్లో రోజుకో గంట కూర్చుంటే వస్తుంది.

ఇవన్నీ తర్వాత. ఈ నెలలో ఒక్క పని చేయండి. కాలేజీ హెచ్‌ఓడీతో జలమండలికి లెటర్ రాయించి, నలుగురు స్నేహితురాళ్లతో కలిసి ఏదో ఒక శుద్ధి కేంద్రంలో ఓ పూట గడిపి రమ్మనండి. నీళ్లు లోపలికొచ్చే చోట గంటసేపు నిలబడి, ఆ వాసనంతా పీల్చి ఇంటికొచ్చాక కూడా ఇదే చదువుతానందా, నిశ్చింతగా సీపీగెట్ ఫీజు కట్టేయండి.