లారీ బాడుగకు పన్ను మినహాయింపు ఉందా?

ఒంగోలు నుంచి ఒక పాఠకుడు రాశారు: "చీమకుర్తి గ్రానైట్ ఫ్యాక్టరీలో నాలుగేళ్ళు అకౌంట్స్ చూశాను. కృష్ణపట్నం పోర్టు దగ్గర కొత్త ఉద్యోగం వచ్చింది, నెలకు 70,000. కాపురం నెల్లూరికి మారుస్తున్నాం. లారీ బాడుగ, ప్యాకింగ్, హమాలీలకు 24,000 అవుతోంది. ఇంటి అడ్వాన్సు 40,000. ఇవి రిటర్నులో చూపించి పన్ను తగ్గించుకోవచ్చా? వేరే ఆదాయం లేదు. అడ్వాన్సు కోసం పీఎఫ్ తీసేద్దామనుకుంటున్నాను."

కుదరదండీ. ఉద్యోగి సొంత డబ్బుతో సామాను తరలించుకుంటే మన పన్ను చట్టంలో దానికి విడిగా మినహాయింపు లేదు. అడ్వాన్సయితే అసలు ఖర్చే కాదు, ఇల్లు ఖాళీ చేసినప్పుడు తిరిగొచ్చే మీ డబ్బు.

చిక్కంతా 'బదిలీ' అన్న మాట దగ్గరుంది. మీ పక్కింటి బ్యాంకు ఉద్యోగిని బ్యాంకే నెల్లూరికి బదిలీ చేసిందనుకోండి. అదే లారీ, అదే హైవే. కానీ బ్యాంకిచ్చే బదిలీ అలవెన్సులో ఆయన నిజంగా ఖర్చుపెట్టినంత వరకూ పన్ను పడదు, కొత్త పన్ను విధానంలో కూడా. మీరు కంపెనీయే మారారు కాబట్టి మీది బదిలీ కిందికి రాదు. కొత్త కంపెనీ సామాను ఖర్చులిచ్చినా జీతంలోనే కలుపుతారు.

అయినా అడిగి తీసుకోండి! ఏడాదంతా ఈ జీతమే వచ్చిందనుకున్నా 8,40,000. దానికి 24,000 కలిపి, జీతగాళ్ళకు బిల్లులేవీ చూపకుండానే తగ్గించే స్టాండర్డ్ డిడక్షన్ 75,000 తీసేస్తే 7,89,000. 2025-26 నుంచి కొత్త విధానంలో ఇలా తేలిన ఆదాయం 12 లక్షల దాకా ఉంటే పన్నంతా రిబేటు కింద మాఫీ అవుతుంది, మీకు పడే పన్ను సున్నా. కాబట్టి మినహాయింపు కోసం వెతకడం మాని, చేరకముందే హెచ్‌ఆర్‌తో మాట్లాడండి. ఒప్పుకుంటే ఆఫర్ లెటర్‌లో రాయించుకోండి. ఏడాదిలోపు మానేస్తే తిరిగి కట్టాలన్న షరతు ఉందేమో చూసుకోండి. లారీవాళ్ళు చిన్న చీటీ మీద అంకె వేసి ఇచ్చేస్తారు, ఆఫీసులో అది చెల్లదు. తేదీ, బండి నంబరు, ఎక్కడి నుంచి ఎక్కడికి, సంతకం, ఇవన్నీ ఉన్న బిల్లు అడగండి.

పీఎఫ్ మాట చదివి మాత్రం బాధేసింది. దయచేసి తీయకండి. ఐదేళ్ళు నిండకుండా మొత్తం తీస్తే అది పన్ను లెక్కలోకి వస్తుంది. కొత్త ఖాతాకు ట్రాన్స్‌ఫర్ చేసుకుంటే ఈ నాలుగేళ్ళూ సర్వీసులో కలుస్తాయి. నెలవారీ పింఛనుకు పదేళ్ళ సర్వీసు కావాలి కదా, అందులో నాలుగు మీకు ఇప్పటికే ఉన్నాయి. అడ్వాన్సును రెండు విడతల్లో ఇస్తామని ఇంటివాళ్ళను అడిగి చూడండి. చేరిన రోజే యూఏఎన్ (ఉద్యోగాలు మారినా మారని మీ పీఎఫ్ నంబరు), పాత కంపెనీ జీతం వివరాలు కొత్త ఆఫీసులో ఇచ్చేయండి.