నెలకు 18,500 జీతమా, భృతి కోసం ఎదురుచూపా?

ప్రశ్న: మాది గాజువాక. మావారు ఆటో నడుపుతారు. బీకాం పూర్తి చేసిన మా అబ్బాయికి ఒక ప్రభుత్వ కార్యాలయంలో అవుట్‌సోర్సింగ్ డేటా ఎంట్రీ ఆపరేటర్‌గా 18,500 రూపాయల జీతంతో అవకాశం వచ్చింది. చేరితే రేషన్ కార్డూ, పాలిటెక్నిక్ చదివే అమ్మాయి ఫీజు రీయింబర్స్‌మెంటూ పోతాయని, నెలకు 3,000 నిరుద్యోగ భృతి కోసం ఆగడమే నయమని బంధువులు అంటున్నారు. ఏం చేయమంటారు?

జవాబు: అమ్మా, మీ భయం నిరాధారం కాదు. బియ్యం కార్డుకు పట్టణాల్లో నెలకు 12,000, ఫీజు రీయింబర్స్‌మెంట్‌కు ఏడాదికి 2.5 లక్షల కుటుంబ ఆదాయ పరిమితి పెట్టారు కాబట్టి, అబ్బాయి జీతానికి మీవారి సంపాదన తోడైతే రెండూ దాటవచ్చు. అయినా లెక్క వేసి చూద్దాం.

జీతంలో పీఎఫ్ 1,800, ఈఎస్ఐ (ఉద్యోగుల వైద్య బీమా) 139, వృత్తి పన్ను 150 పోగా చేతికి సుమారు 16,400 వస్తుంది. నలుగురికి 20 కిలోల బియ్యం బయట కొనడానికి వెయ్యి, అమ్మాయి ఫీజు ఏడాదికి 25,000 అనుకుంటే నెలకు 2,100, బస్సు ఖర్చు 1,500 తీసేసినా దాదాపు 11,800 మిగులుతుంది. పైగా అది భృతిలా ఎదురుచూడవలసినది కాదు. 2018లో వెయ్యి రూపాయలతో మొదలైన యువనేస్తం అనే నిరుద్యోగ భృతి పథకం మరుసటి ఏడాది ప్రభుత్వం మారగానే ఆగిపోయింది. ఖాతాలో పడని సొమ్మును ఇంటి లెక్కలో కలపవద్దని నా గట్టి అభిప్రాయం.

ఈఎస్ఐని చిన్నచూపు చూడకండి. సొంత ఆదాయం లేని తల్లిగా మీకు కూడా మల్కాపురం ఈఎస్ఐ ఆసుపత్రిలో వైద్యం అందుతుంది. ఉద్యోగం పోయినవారికి కొన్ని షరతులతో, సగటు వేతనంలో సగం చొప్పున 90 రోజుల వరకు ఇచ్చే అటల్ బీమిత్ వ్యక్తి కల్యాణ్ యోజన కూడా ఈఎస్ఐ చందా కట్టినవారికే వర్తిస్తుంది.

కాబట్టి చేరమనే చెబుతాను. కానీ దీన్ని ‘గవర్నమెంటు ఉద్యోగం’ అనుకోకండి. రెగ్యులర్ ఉద్యోగులతో సమానంగా పని చేయించుకుని ఇంత తక్కువ ఇవ్వడం అన్యాయమే, ఈ ఉద్యోగానికి భద్రత కూడా లేదు. అందుకే పోటీ పరీక్షల తయారీకి రోజూ రెండు గంటలు కేటాయించమనండి. చేరేముందు వార్డు సచివాలయంలో కార్డు, ఫీజు నిబంధనలు ఇప్పుడెలా ఉన్నాయో కనుక్కోండి. మొదటి జీతం పడగానే పీఎఫ్ యూఏఎన్ (ఉద్యోగం మారినా మారని పీఎఫ్ నంబరు), ఈఎస్ఐ నంబర్లు అడిగి తీసుకోమనండి.