బంతిలో బలమా, బంతి మీద బలమా?

సందేహం: పైకి విసిరిన బంతి ఎందుకు కింద పడుతుందని అడిగితే మా తొమ్మిదో తరగతి పిల్లల్లో చాలామంది "బంతిలో బలం అయిపోయింది కాబట్టి" అని రాస్తున్నారు. ఇది భాషాదోషమా, శాస్త్రదోషమా? తెలుగులో చదవడం వల్లనే ఈ పొరపాటు వస్తోందా? – ఒక భౌతికశాస్త్ర ఉపాధ్యాయిని

సమాధానం: తెలుగుగా ఆ వాక్యంలో దోషమేమీ లేదు. "ఒంట్లో బలం లేదు", "ఈ తాడులో బలం లేదు" అంటున్నప్పుడు బలం ఒకదానిలో ఉండి, పెరిగి, తరిగి, చివరికి అయిపోయే గుణం. పిల్లలు ఆ వాడుకనే బంతికి అన్వయించారు. భౌతికశాస్త్రంలో మాత్రం బలం ఒక వస్తువు మరొకదాన్ని నెట్టడమో లాగడమో కనుక, అక్కడ 'లో'కు చోటు లేదు. 'ఏది', 'దేని మీద' అన్న రెండూ తేలితేనే వాక్యం పూర్తవుతుంది. 100 గ్రాముల బంతి చేతిని వదిలాక, గాలి నిరోధాన్ని పక్కన పెడితే, పైకి పోతున్నప్పుడూ, శిఖరాన వేగం సున్న అయిన క్షణంలోనూ, దిగుతున్నప్పుడూ దాని మీద పనిచేసేది భూమి కిందికి లాగే సుమారు 1 న్యూటన్ బలం ఒక్కటే. చేతి బలం చేతి స్పర్శతోనే ముగిసింది. బంతి వెంట వెళ్ళనిది దారిలో అయిపోయే ప్రశ్నే లేదు.

ఇందుకు తెలుగును నిందించడం న్యాయం కాదు. 14వ శతాబ్దంలో పారిస్ పండితుడు జాన్ బురిడాన్, విసిరిన వస్తువులోకి ఒక ప్రేరణ చేరి దాన్ని నడుపుతుందనే తలచాడు. మన ప్రాచీన దర్శనాల్లో ఒకటైన వైశేషికాన్ని అనుసరించినవారు దాన్ని 'వేగం' అనే సంస్కారంగా, అంటే వస్తువులో నిలిచి ఉండే గుణంగా, వస్తువులోనే ఉంచారు. తెలుగువాడైన తార్కికుడు అన్నంభట్టు తన తర్కసంగ్రహంలో వేగం, భావన (జ్ఞాపకానికి కారణమైన ముద్ర), స్థితిస్థాపకం (వంచినది తిరిగి యథాస్థితికి వచ్చే గుణం) అని సంస్కారాన్ని మూడు విధాలుగా చెప్పాడు. అమెరికాలో భౌతికశాస్త్ర బోధనపై పరిశోధించిన హెస్టెనెస్, ఆయన సహచరులు 1992లో ప్రచురించిన బల భావనల ప్రశ్నావళిలో కూడా విద్యార్థిని పరీక్షించే తప్పు జవాబుల్లో ఈ ఊహ ఉంది. అంటే ఇది ఏ భాషలో చదివినవారికైనా సహజంగా తోచేదే.

నిజానికి పిల్లలు చెప్పదలచుకున్నదానికి తెలుగులో చక్కని మాట ఉంది: ఊపు. తొక్కడం ఆపినా సైకిలు ఊపు మీద పోతుందని వారే అంటారు. బంతిలో ఊపు తగ్గిందంటే శాస్త్రానికి అభ్యంతరం లేదు. పాఠ్యపుస్తకం 'ద్రవ్యవేగం' (ద్రవ్యరాశి, వేగాల లబ్ధం) అని పిలిచేది దాదాపు దాన్నే, కాకపోతే దానికి కొలత ఉంటుంది, దిశ ఉంటుంది. కాబట్టి మీరు ఆ జవాబును కొట్టివేయకుండా, 'బలం' కింద గీత గీసి "ఏది వేసిన బలం? దేని మీద?" అని పక్కన రాయండి. బంతి మీద చేయి వేస్తున్న బలమని విద్యార్థి బదులిస్తే, చేయి అప్పటికి బంతిని తాకుతోందా అని అడగండి.