ఐరిష్ వాళ్లకి స్మిత్ అనే ఇంటిపేరు ఎక్కడిది?

"మా ఆఫీసులో ఒకాయన ఐర్లండ్‌లోని కావన్ కౌంటీ మనిషి. ఇంటిపేరు స్మిత్. అది ఇంగ్లీషు పేరు కదా, మరి తరతరాలుగా ఐరిష్ వాళ్లమే అంటాడేంటి?" అని అడిగారు.

ఆయన మాట నిజమే అయ్యుంటుంది. కావన్ స్మిత్‌లలో చాలామంది అసలు ఇంటిపేరు మాక్ గవన్. ఐరిష్‌లో 'గౌ' అంటే కమ్మరి, 'మాక్' అంటే కొడుకు. ఆ కమ్మరిని ఇంగ్లీషులోకి మారిస్తే స్మిత్. మన దగ్గర కమ్మరి అని ఇంటిపేరున్నవాళ్లు పాస్‌పోర్టులో స్మిత్ అని రాయించుకున్నారనుకోండి, అచ్చం అలాగే. తమాషా ఏంటంటే, పక్కనే ఉన్న లీట్రిమ్‌లో, పైన డోనెగల్‌లో అదే పేరుకి అర్థం మార్చలేదు. చెవికి వినిపించినట్టు ఇంగ్లీషు అక్షరాల్లో రాసుకుని మెగవన్ చేశారు.

మేం ఉండేది కావన్‌కి పక్క కౌంటీ మీథ్‌లో, నావన్‌లో. మా అమ్మాయి ఐరిష్ మీడియం బడికి వెళ్తుంది. ఒకరోజు పక్కింటి స్మిత్‌ల పాప బొమ్మ గీసిన కాగితం మా ఇంట్లో మర్చిపోయింది. దాని మీద ఇంటిపేరు 'నిక్ గవన్' అని ఉంది. ఎవరిదో కాగితం కలిసిపోయిందనుకుని తిరిగివ్వబోతే వాళ్ల తాతగారు ఒకటే నవ్వు. కొడుకైతే మాక్, కూతురైతే నిక్, కోడలికి మళ్లీ ఇంకో రూపమట. మన ఆడపిల్లలకి పెళ్లయితే మారే ఇంటిపేరు, వీళ్లకి ఐరిష్‌లో పుట్టుకతోనే వేరు.

మార్పు వెనక బలవంతం కూడా ఉంది. 1465లో వచ్చిన ఒక చట్టం ప్రకారం డబ్లిన్, మీథ్, లౌత్, కిల్డేర్‌లలో ఇంగ్లీషు వాళ్ల మధ్య ఉండే ఐరిష్ వాళ్లు ఇంగ్లీషు ఇంటిపేరు పెట్టుకోవాలి. ఊరి పేరో, రంగు పేరో, వృత్తి పేరో, ఉద్యోగం పేరో. వృత్తికి అందులో ఇచ్చిన ఉదాహరణల్లో స్మిత్ ఒకటి! కావన్ ఆ జాబితాలో లేదు. అక్కడ ఇంగ్లీషు పాలన గట్టిపడ్డాక, తర్వాతి శతాబ్దాల్లో జరిగింది ఇదంతా. 1890 నాటి లెక్కల్లో ఐర్లండ్ మొత్తం మీద ఎక్కువగా కనిపించే పేర్లలో స్మిత్‌ది అయిదో స్థానం. మర్ఫీ, కెల్లీ, సలివన్, వాల్ష్ తర్వాత ఇదే. అందరూ కమ్మరి సంతతి కాదు లెండి, ఇంగ్లండ్ నుంచి వచ్చి స్థిరపడిన స్మిత్‌లూ కలిసే ఉన్నారు.

ఒక ఆదివారం ఆ పక్కింటి తాతగారూ నేనూ కూర్చుని 1901, 1911 జనాభా లెక్కల ఫారాలు వెతికాం. రెండూ నేషనల్ ఆర్కైవ్స్ సైట్‌లో ఉచితం. పేరు కొడితే పేజీలకి పేజీలు స్మిత్‌లే. ఆయనకి వాళ్ల టౌన్‌ల్యాండ్, అంటే మన పల్లె కంటే చిన్న ముక్క, గుర్తుండబట్టి దొరికింది. 1901లో వాళ్ల తాత పేరు 'వై'తో స్మిత్, 1911లో 'ఐ'తో. ఇల్లు అదే, మనుషులు వాళ్లే. ఐరిష్ వచ్చా అన్న గడి ఖాళీ. పుట్టిన పిల్లలు తొమ్మిది, బతికున్నవాళ్లు ఏడు అని రాసిన చోట పెద్దాయన చాలాసేపు ఆగిపోయారు.

అంతకు ముందు తరాలకి వెళ్లడం కష్టం. 1922లో డబ్లిన్ రికార్డుల ఆఫీసు తగలబడినప్పుడు 1821 నుంచి 1851 దాకా తీసిన జనాభా లెక్కలు చాలావరకు బూడిదయ్యాయి. అయితే మీవాడు అదృష్టవంతుడు, 1821 లెక్కల్లో మిగిలిన కొద్దిపాటి కాగితాల్లో కావన్ పారిష్‌లు, అంటే చర్చి పరిధులు, కొన్ని ఉన్నాయి. 1850ల నాటికి భూమి ఎవరి చేతిలో ఉందో గ్రిఫిత్ వాల్యుయేషన్‌లో, అంటే అప్పట్లో భూములకి విలువ కట్టిన సర్వేలో దొరుకుతుంది.

ముందు ఆయన్ని టౌన్‌ల్యాండ్ పేరు అడగండి. వెతికేటప్పుడు 'వై'తో ఒకసారి, 'ఐ'తో ఒకసారి కొట్టి చూడండి.